నాలుగో తొట్టి

ఆ వేసవిలో ఊరంతా ఉడికిపోతుంటే నేను రోజుకి ఎనిమిది గంటలు ఊలు టోపీ పెట్టుకుని పనిచేశాను. మా చెల్లి పనిచేసే సముద్ర పరిశోధన సంస్థలో, మెట్లు దిగితే ఒక చలిగది ఉండేది. అందులో ఆరు గాజు తొట్లు, గోడవారన వాటి నీళ్లని చల్లబరిచే ఆరు యంత్రాలు. ఐస్ ఫ్యాక్టరీలో మెకానిక్కుగా ఉన్న నన్ను నాలుగేళ్ల క్రితం చెల్లే పట్టుబట్టి అక్కడ చేర్పించింది. "మా అన్నయ్య చెయ్యేస్తే మొండి మోటారైనా మాట వింటుంది" అని డైరెక్టరు గారితో చెప్పిందట.

తొట్లలో ఉండేవి భూమికి అట్టడుగున, దక్షిణ ధ్రువం దగ్గర మంచు కప్పిన సముద్రంలో బతికే చేపలు. వాటి నెత్తురు ఎర్రగా ఉండదు, కొళాయి నీళ్లలా ఉంటుంది. ఊపిరిని ఒళ్లంతా మోసుకెళ్లే ఆ ఎరుపు వాటికి లేదు. బాగా చల్లటి నీళ్లలో గాలి ఎక్కువ కరిగి ఉంటుంది కాబట్టి ఎలాగో సరిపెట్టుకుని బతుకుతాయి. నీళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ఆయాసం మొదలవుతుంది.

నాలుగేళ్లుగా ఎన్నడూ పెట్టనిది, ఆ ఏడు ఎండలు ముదిరే ముందు ఆరు తొట్లలోనూ చేపలు గుడ్లు పెట్టాయి. ఆడచేపకి అంతటితో పని అయిపోతుంది. మగచేప గులకరాళ్లు జరుపుకుని, గుండ్రంగా గూడు కట్టుకుని, పదిహేను వందల గుడ్ల మీద కూర్చుంటుంది. రెక్కలతో విసురుతూ, తిండి మానేసి, నెలల తరబడి కాపలా కాస్తుంది.

గుడ్లు కనిపించిన సాయంత్రం భోజనాల దగ్గర చెల్లి మొహం వెలిగిపోతోంది. "వదినా, మగాళ్లంటే అలా ఉండాలి" అంది.

"మీ అన్నయ్యకి చెప్పు. పొయ్యి మీద పాలకి కాపలా ఉండమంటే పొంగిపోయాక కేకేస్తారు" అంది నా భార్య.

మా ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. నా భార్య ముందుగదిలో మిషను వేసుకుని బట్టలు కుట్టేది. చెల్లికి పెళ్లి కాలేదు. ఆ మాట ఎత్తితే "ముందు చేపల సంగతి తేలనీ" అనేది. వదినా మరదళ్లిద్దరూ ఒకటై నన్ను ఆటపట్టించడం ఆ ఇంట్లో రోజూ ఉండే వినోదం.

కంచం ముందే చెల్లి తన ఆలోచన చెప్పింది. "మూడు తొట్లు ఇప్పుడున్నట్టే మైనస్ ఒక డిగ్రీ దగ్గర ఉంచుతాం. నాలుగూ అయిదూ ఆరూ మాత్రం నాలుగు రోజులకోసారి పావు డిగ్రీ పెంచుకుంటూ పోతాం. తండ్రి ఏ వేడి దగ్గర గూడు వదిలేస్తాడో చూడాలి."

"వదిలేస్తే?" అంది నా భార్య.

"గుడ్లు పోతాయి."

"తెలిసి తెలిసి చంపుకుంటారా?"

చెల్లి కాసేపు మెతుకులు కెలికింది. "అక్కడ సముద్రం వేడెక్కుతూనే ఉంది వదినా, నేను పెంచినా పెంచకపోయినా. ఎంతవరకు తట్టుకుంటాయో తెలిస్తే, ఇవి గూళ్లు కట్టుకునే అఖాతంలో వలలు వెయ్యొద్దని అడగడానికి చేతిలో ఒక అంకె ఉంటుంది. ఎనిమిదేళ్లుగా ఉత్త చేతుల్తో అడుగుతున్నాం. అంకె లేనివాళ్లకి ఎవరూ కుర్చీ కూడా వెయ్యరు." తర్వాత నా వైపు తిరిగింది. "ఇంకో అవకాశం రాదన్నయ్యా. మా పరిశోధన ఓడ మళ్లీ ఈ చేపల్ని తెస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఇవే ఉన్నవి."

"నా యంత్రాలు నిన్ను మోసం చెయ్యవులే" అన్నాను.

రెండో వారంలో నాలుగో తొట్టి వేడిని తనంతట తాను రాసుకునే పరికరం పాడైంది. ఉప్పునీళ్లు లోపలి తీగని తినేశాయి. కొత్తది తెప్పిస్తామన్నారు గానీ ఎప్పుడని ఎవరూ చెప్పలేదు. అప్పటిదాకా గాజు ఉష్ణమాపకంతో చూసి, పొద్దునా సాయంత్రమూ రిజిస్టరులో రాయాల్సిన పని నాకు పడింది. "రెండోవాళ్లెవరైనా కూడా చూస్తే మంచిదేమో చిట్టీ" అన్నాను.

"నువ్వు చూస్తున్నావుగా. నీకంటే ఆ డబ్బా ఎక్కువా?" అంది చెల్లి, రిజిస్టరు నా చేతిలో పెడుతూ.

నాలుగో తొట్టిలోని చేపకి ఎడమ రెక్క చివర చినిగి ఉండేది. నేను వాణ్ణి వాచ్‌మన్ అనేవాణ్ణి. మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటున్నాయో లెక్కపెట్టడం కూడా నా పనే. మొదట్లో పద్దెనిమిది. సున్నా డిగ్రీల దగ్గర ఇరవై ఎనిమిది. అర డిగ్రీకి వచ్చేసరికి ముప్పై ఏడు. అప్పటికే వాడి పొట్ట లోపలికి పోయింది, నోరు మూతపడటం మానేసింది. అయినా ఆ చినిగిన రెక్కతో విసరడం ఆపలేదు. కాసేపు విసిరి, అలసి, గుడ్ల మీదే వాలి, మళ్లీ లేచి విసిరేవాడు.

ముప్పావు డిగ్రీకి పెంచాల్సిన రోజు ఆదివారం వచ్చింది. గదిలో నేనొక్కణ్ణే. అయిదో తొట్టికి పెంచాను. ఆరో తొట్టికి పెంచాను. నాలుగో తొట్టి యంత్రం దగ్గరకెళ్లి వేడి సరిచేసే మరని పట్టుకున్నాను. గాజులోంచి వాచ్‌మన్ కనిపిస్తున్నాడు. ఒక్కరోజు వాణ్ణి ఊపిరి తీసుకోనిద్దాం, రేపు తిప్పుదాం అనుకున్నాను. రిజిస్టరు తెరిచి ముప్పావు అని రాశాను.  టోపీ తీసి, మెట్లెక్కి, ఎండలోకి వచ్చి, బస్సెక్కి ఇంటికెళ్లి భోంచేశాను.

మర్నాడు తిప్పలేదు. ఆ మర్నాడూ తిప్పలేదు. నాలుగు రోజులు గడిచేసరికి ఒకేసారి అర డిగ్రీ పెంచాల్సి వచ్చింది. అలా పెంచితే వాడు తట్టుకోలేడని నాకు నేనే చెప్పుకున్నాను. రిజిస్టరులో ఒకటి అని రాశాను.

ఒకటీ పావు దగ్గర అయిదో తొట్టి చేప గూడు వదిలేసింది. మూలకెళ్లి గోడకేసి మూతి పెట్టుకుని ఉండిపోయింది. మూడు రోజుల్లో గుడ్లన్నీ ఉడికించిన సగ్గుబియ్యంలా తెల్లబడ్డాయి. ఒకటిన్నర దగ్గర ఆరో తొట్టి చేప గూటి మీదే చచ్చిపోయింది. చెల్లి దాన్ని తనే తీసి, బల్ల మీద పెట్టి, కోసి, ఆ నీళ్లలాంటి నెత్తుటిని సీసాలోకి ఎక్కించింది. మొహంలో ఏమీ లేదు. ఆ పని అయ్యాక వచ్చి నాలుగో తొట్టి ముందు నేల మీద చతికిలబడింది.

వాచ్‌మన్ విసురుతున్నాడు. గుడ్లు గాజుపూసల్లా మెరుస్తున్నాయి, లోపల నల్లటి చుక్కల్లా కళ్లు కూడా ఏర్పడ్డాయి.

గడియారం చూసుకుంటూ చెల్లి మొప్పల్ని లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. "ముప్పై అయిదు" అంది. "అన్నయ్యా, ఒకటిన్నర దగ్గర ముప్పై అయిదు. వీడు అలవాటు పడుతున్నాడు."

ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. నోట్లో మాట తయారుగానే ఉంది. కానీ చెల్లి గాజుకి నుదురు ఆనించి నవ్వుతోంది. పోయినేడు ఓడ మీద ఆ అఖాతానికి వెళ్లొచ్చినప్పటి నుంచి తను అలా నవ్వడం నేను చూడలేదు. చలి గ్లౌజులు తొడుక్కుంటూ "తీగ సరిచెయ్యాలి" అని ఏదో గొణిగి అవతలికి వెళ్లిపోయాను.

తర్వాత ఎనిమిది రోజులు మా ఇంట్లో పండగలా గడిచాయి. చెల్లి ఇస్త్రీ చేస్తూ కూనిరాగాలు తీసేది. వదినకి జాకెట్టు గుడ్డ తెచ్చింది. డైరెక్టరు గారు కోటు మీద కోటు తొడుక్కుని చలిగదిలోకి దిగి, "ఇన్నాళ్లకి మీ గదిలోంచి చావు కబురు కానిది ఒకటి వచ్చిందమ్మా" అన్నారు. ఆ అఖాతం సంగతి తేల్చే దేశాల సమావేశం నెలలోనే ఉంది. రెండు డిగ్రీల దగ్గర కూడా గూడు వదలని చేప ఉందని ఆయనే దగ్గరుండి ఉత్తరం రాయించి, సంతకం పెట్టి పంపించారు.

ఆ సాయంత్రం చెల్లి మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "పోయినేడు ఓడ మీద ఉన్నప్పుడు ఏం చూసినా ఇదీ పోయేదే, అదీ పోయేదే అనిపించేది వదినా. ఇంటికొచ్చాకా అంతే. నువ్వు మొక్కకి నీళ్లు పోస్తుంటే కూడా అలాగే అనిపించేది. మీకు చెప్పలేదు. ఇప్పుడు పొద్దున్నే లేవబుద్ధి అవుతోంది." నా భార్య తన తల నిమిరింది. నేను లేచి వెళ్లి కడిగిన గ్లాసుల్నే మళ్లీ కడిగాను.

మర్నాడు నాకు సెలవు. మధ్యాహ్నం చెల్లి లేని వేళ, మిషను ముందు కూర్చున్న నా భార్యకి మొత్తం చెప్పేశాను. తను తొక్కడం ఆపకుండా వింది. అంచు చివరిదాకా కుట్టి, దారం పంటితో కొరికి, గుడ్డ మడతపెట్టింది.

"అది బతకాలనే చేశారా?"

"అంతే. ఇంకేం లేదు."

"మరి చిట్టి పంపిన ఉత్తరం?"

నేను కింద పడిన దారం ముక్కలు ఏరాను.

"ఇవాళ చెప్తారా, రేపు చెప్తారా?" అంది. చెప్పకుండా ఉండే దారి ఒకటుందని తనకి తట్టనే లేదు. నాకు తట్టింది. ఇంకో మూడు వారాలైతే గుడ్లు పగిలేవి. పగిలాక ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

ఆ సాయంత్రమే సంస్థకి వెళ్లాను. చెల్లి పై అంతస్తులో తన బల్ల దగ్గర రాసుకుంటోంది. కిటికీలోంచి ఎండ తన కాగితాల మీద పడుతోంది. కుర్చీ చూపించింది గానీ నేను కూర్చోలేదు.

"చిట్టీ, నాలుగో తొట్టి రెండు డిగ్రీల దగ్గర లేదు."

తల ఎత్తింది. "ఎంతలో ఉంది?"

"అర."

"ఎప్పట్నుంచి?"

"ఇరవై నాలుగు రోజులుగా."

పెన్నుకి మూత పెట్టింది. ఎందుకని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. నేనే మొదలుపెట్టాను. "వాడు పడుతున్న అవస్థ చూస్తే..."

"వద్దన్నయ్యా."

కింద ఎవరో బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు. ఆ చప్పుడు పోయేదాకా ఆగి, "అయితే అయిదూ ఆరూ నిజమే కదా" అంది.

"అవి నిజమేనమ్మా. ఒట్టు."

"సరే" అని, రాస్తున్న కాగితాన్ని పక్కకి పెట్టి తెల్లకాగితం తీసుకుంది. నేను ఇంకాసేపు నిలబడి, వచ్చేశాను.

ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నట్టు చెల్లి తన పేరు మీదే రాసింది. "నా ల్యాబులో జరిగిన తప్పు, బాధ్యత నాది" అని. డైరెక్టరు గారు నన్ను పిలిచి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "మీ చెల్లెలి మొహం చూసి పోలీసుల దాకా వెళ్లడం లేదు" అని రాజీనామా కాగితం ముందుకి జరిపారు. దాని కింద ఒప్పుకుంటున్నట్టు చెల్లి సంతకం ముందే ఉంది.

ఆ వారంలోనే కొత్త పరికరం వచ్చింది. దాన్ని బిగించి, నాలుగో తొట్టిని అర డిగ్రీ నుంచి చెల్లే స్వయంగా పెంచుకుంటూ పోయిందని నా భార్య చెబితే తెలిసింది. ఒకటీ పావు దగ్గర వాచ్‌మన్ గూడు వదిలేశాడట. అయిదో తొట్టి చేప వదిలేసిన చోటే. ఆ ఫలితం ఎందుకూ పనికిరాదు, మధ్యలో ఇరవై నాలుగు రోజుల అబద్ధం ఉంది. మిగిలిన రెండు తొట్లతో ఎవరినీ ఒప్పించలేరు. అసలు ఆ గదిలోంచి వచ్చిన ఏ అంకెనీ ఇక ఎవరూ నమ్మరు.

చెల్లి ఇంట్లో నాతో మాట్లాడటం మానలేదు. కూర జరుపు, తలుపు వేశావా, అలాంటివి మాట్లాడేది. అది మానేయడం కన్నా హీనంగా ఉండేది. నేను మళ్లీ ఐస్ ఫ్యాక్టరీలో చేరిన రోజు తను సంస్థ క్వార్టర్స్‌కి మారిపోయింది. రెండు పెట్టెలు, ఒక పరుపు. నా భార్య ఆటో దాకా వెళ్లి, వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, వచ్చి మిషను ముందు కూర్చుంది. ఆ రోజు ఏమీ కుట్టలేదు.

సమావేశం నుంచి జవాబు వచ్చింది. చెల్లి ఫోనులో వదినకి చదివి వినిపించింది. ఆ జాతి ఎలాగూ ఎక్కువ కాలం నిలిచేలా కనబడటం లేదు కాబట్టి, దానికోసం అఖాతాన్ని మూసి ఉంచాల్సిన అవసరం కనబడటం లేదని సారాంశం. చేప తట్టుకుంటుందన్న అబద్ధపు ఉత్తరాన్ని మొదట అక్కడివాళ్లు మెచ్చుకున్నారు. తట్టుకోలేదన్న నిజం తెలిశాక వలలకి దారి వదిలారు.

వేసవి చివర ఒకరోజు చెల్లి మళ్లీ ఫోను చేసింది, నా భార్యకే. "వదినా, అన్నయ్యని రేపు పొద్దున ఎనిమిదింటికి చలిగదికి రమ్మను. యంత్రాలు ఆపాలి. కొత్తతనికి నెమ్మదిగా ఆపడం చేతకావడం లేదు."

వెళ్లాను. గది మూసేస్తున్నారు. ఓడ నుంచి కబురొచ్చిందని, అఖాతం అడుగున నీళ్లు ఒకటిన్నర డిగ్రీలు చూపిస్తున్నాయని, పోయినేడు వేలల్లో గూళ్లు చూసిన చోట ఈ ఏడు ఒక్క గూడూ లేదని చెల్లి చెప్పింది. వార్తలు చదివే మనిషిలా చెప్పింది. తను చిక్కిపోయింది. ఊలు టోపీ కింద చెవుల దగ్గర జుట్టు తెల్లబడటం అప్పుడే చూశాను.

వేడి పెంచని మూడు తొట్లలో గుడ్లు పగిలాయి. నాలుగు వేల పిల్లలు. గాజుపుల్లల్లా ఉన్నాయి, కళ్లు తప్ప ఏమీ కనబడవు. వంగితే నా నీడకి బెదిరి ఒక్కసారిగా అటు తిరిగాయి. ఇంతకాలం కాపలా కాసిన మూడు తండ్రి చేపల్నీ అంతకు ముందు రోజే చెల్లి మత్తుమందు నీళ్లలో శాశ్వతంగా నిద్రపుచ్చింది.

"వీటిని ఓడలో తీసుకెళ్లి వదిలేస్తే?" అన్నాను.

"ఎక్కడ?" అంది.

నిజంగానే అడిగింది. నాకు తెలిస్తే వినడానికి సిద్ధంగా నా వైపు చూసింది. నేను యంత్రం మూత విప్పడం మొదలుపెట్టాను.

"పిల్లలు ఎంత వేడి దాకా తట్టుకుంటాయో ఇంతవరకు ఎవరూ చూడలేదు" అంది. "ఎలాగూ ఆపుతున్నాం. చూస్తూ ఆపుదాం. అరగంటకి పావు డిగ్రీ. నేను చదువుతాను, నువ్వు రాయి."

"ఇది ఎవరు నమ్ముతారు చిట్టీ?"

"ఎవరూ నమ్మరు."

పొద్దున్నుంచి సాయంత్రం దాకా తను చదివింది, నేను రాశాను. మైనస్ ఒకటి. మైనస్ ముప్పావు. మధ్యాహ్నానికి ముందే సున్నా దాటింది. తను చదివిన ప్రతి అంకెనీ పైకి ఒకసారి అని అప్పుడు రాసేవాణ్ణి. వద్దనలేదు. ఒకటి దగ్గర మొదటి పిల్ల అడుగుకి జారింది. ఒకటిన్నర దగ్గర వందలు జారాయి, అడుగంతా సన్నటి తెల్లదారాలు ఒలకబోసినట్టయింది. మిగిలినవి పైకి చేరి నోళ్లు తెరిచి ఒకేచోట గుంపు కట్టాయి. చెల్లి లెక్కపెడుతూ పోయింది, గొంతు మారలేదు. రెండూ పావు దగ్గర మూడో తొట్టిలో ఒకటి మిగిలింది. దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత "రాయి" అంది. రాశాను.

యంత్రాల చప్పుడు ఆగిపోయాక ఆ గది అంత పెద్దదని తెలిసింది. నాలుగేళ్లలో మొదటిసారి అక్కడ నాకు చెమట పట్టింది. చెల్లి రిజిస్టరు తీసుకుని ప్రతి వరసా వేలుపెట్టి చూసుకుని, కింద సంతకం పెట్టి, నా చేత కూడా పెట్టించింది. ఇద్దరం తొట్లు కడిగాం. తాళం వేశాక మెట్ల దగ్గర ఆగి, నా వైపు చూడకుండానే, "వదినకి చెప్పు. ఆదివారం భోజనానికి వస్తాను" అంది.

ఇంటికి వచ్చి చెప్పాను. నా భార్య చేతిలో పని ఆపి, "తనే అందా? నిజంగా?" అని అడిగింది.

"తనే అంది."

ఆదివారం పొద్దున్నే లేచి వంట మొదలుపెట్టింది. పన్నెండున్నరకి మూడు కంచాలు పెట్టింది. ఒంటిగంటకి ఒకసారి గుమ్మంలోకి వెళ్లొచ్చింది. రెండింటికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మూడింటికి ఒక కంచం తీసి బోర్లించి, నా ఎదురుగా కూర్చుని, నా మొహంలోకి చూసింది. చూస్తూ ఉండిపోయింది.

"అందే" అన్నాను. "మెట్ల దగ్గర నిలబడి నిజంగానే అంది."

తను అన్నం వడ్డించడం మొదలుపెట్టింది.